ఖాళీ బరువు

చీమకుర్తి రోడ్డు మీద కాటా నాది.
అంటే, ఓనరుది. రాత్రిపూట నాది.
లారీ ఖాళీగా వస్తే ఒక అంకె,
రాయి వేసుకొని వస్తే ఒక అంకె.
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేసి చీటీ చింపిస్తా.
పదకొండేళ్ళుగా బతుకంతా తీసివేతే.

అందుకే కామోసు
ఒళ్ళు తగ్గించుకోమని డాక్టరమ్మ అన్నప్పుడు
లెక్క తేలిగ్గానే అనిపించింది.
ఎనభై తొమ్మిది. రాత్రి అన్నం మానేశా.
డెబ్భై నాలుగు. పెళ్ళిళ్ళకి పోవడం మానేశా.
అరవై ఐదు. కలలో నేతి మైసూరుపాకు.
యాభై ఎనిమిది.
ఆ రోజు గుడికి పోలా, ఫొటో దిగలా.
గాజులు మోచేతి దాకా జారుతుంటే
వాటితో కాసేపు ఆడుకున్నా.

మర్నాడు మంచినీళ్ళ క్యాను వచ్చింది.
ఇరవై లీటర్లు.
లావుగా ఉన్నప్పుడు రొప్పుకుంటూనే
ఒక్క ఊపున స్టాండు మీదికి ఎత్తేదాన్ని.
ఇప్పుడు మోకాలి దాకా లేచి ఆగిపోయింది.
క్యాను కాదు, నేను.
క్లీనరు కుర్రాడు వచ్చి అందుకొని
"షుగరా అక్కా?" అన్నాడు మెల్లగా,
చావు కబురు అడిగినట్టు.

తీసేసినదాంట్లో కొవ్వెంతో కండెంతో
చీటీ మీద రాసుండదు.

టైర్ల షాపు పైన మస్తాన్‌వలి జిమ్ము.
ఆడోళ్ళకి పొద్దున ఆరు నుంచి ఎనిమిది.
మేం ముగ్గురం: నేను, బ్యాంకు మేడం,
కాన్పు తర్వాత నడుం పట్టేసిన కరీమున్.
"తగ్గడం అయిపోయింది వెంగమాంబక్కా, ఇంక కట్టాల," అన్నాడు.
"ఎంత?" అన్నా.
"నెలకి కిలో. తొందరపడితే అది కండ కాదు, పాత బాకీ."

నాకేమో వద్దనడం ఒక్కటే వచ్చు.
రెండేళ్ళు అదే చదువు.
రెండో గుడ్డు పళ్ళెంలో పెట్టుకుంటే
దొంగతనం చేసినట్టు చెయ్యి వణికింది.
కొత్తపట్నం చేపలామె "ఇంకో ముక్క ఎయ్యనా" అంటే
గొంతు దాకా వచ్చిన 'వద్దు'ని
ముందు మింగా. చేప తర్వాత సంగతి.

అద్దంకి దగ్గర మా మేనమామ
బండలాగుడు ఎడ్లని మేపేవాడు.
పందెంలో ఓడి ఎముకలు తేలినదాన్ని
కొనుక్కొచ్చాడు ఒకసారి. ఊరంతా నవ్వింది.
ఉడకేసిన ఉలవలు, సజ్జలు, గంటసేపు ఒళ్ళు రుద్దడం,
ఇసకలో నడక.
ఆర్నెల్లు బండ మొహం చూపించలా.
తర్వాత చిన్న రాయి. వారానికి ఇంకాస్త.
"నిద్రపోనీరా దాన్ని," అనేవాడు,
"కండ లాగేప్పుడు పట్టదు. పడుకున్నప్పుడు పడుద్ది."
రాత్రి డ్యూటీదాన్ని, ఈ మాటే గుచ్చుకుంటది నాకు.
పగలు కిటికీకి గోనెపట్టా కట్టి పడుకుంటన్నా.
లేచాక ఉలవలు. నాకూ ఆ ఎద్దుకీ ఇప్పుడు ఒకటే మేత.

నాలుగో నెల.
ఇంట్లో మిషను అరవై రెండు అంది.
దిగా. మళ్ళీ ఎక్కా. చెవికమ్మలు తీసి ఎక్కా.
అరవై రెండే.
పాత భయం, ఎనభై తొమ్మిది కిలోలది,
గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతోంది.

ఆ రాత్రి రెండింటికి లారీలు లేవు.
దుమ్ము కూడా పడుకుంది.
ఏం తోచక కాటా మీదికి నడిచా,
నలభై టన్నులు మోసే ఇనప పలక మధ్యలో
రబ్బరు చెప్పులతో ఒక్కదాన్నే నిలబడి
ఎర్రంకెల బోర్డు వంక చూశా.
అరవై.
దానికి ఇరవైల లెక్కే వచ్చు.
యాభై ఎనిమిదైనా అరవయ్యే, అరవై రెండైనా అరవయ్యే.
ఇంటి దగ్గర నేను ఏడ్చిన నాలుగు కిలోలు
దాని కళ్ళకి ఆనలా.

నవ్వొచ్చింది. బయటికే.

తెల్లారి క్యాను వచ్చింది.
క్లీనరు కుర్రాడు చెయ్యి చాపాడు.
ఆగమన్నా.
మోకాలి దాకా, తొడ దాకా,
అక్కడ ఒక్క క్షణం ఆలోచించుకున్నాం, నేనూ నీళ్ళూ.
తర్వాత స్టాండు మీద దబ్బుమని చప్పుడు.
మూత వదులేమో, గ్లాసుడు నీళ్ళు జాకెట్టు మీద ఒలికాయి.
"లోడొచ్చింది అక్కా, కాటా ఎయ్యి," అన్నాడు వాడు.
ఇంకేం అడగలా.